దీపాలార్పిన వ్యాను

ఆఖరి మలుపు దగ్గర హెడ్‌లైట్లు ఆర్పేయాలి.
అది ఈ కొండ రూలు.
పైన పెద్ద అద్దం కన్ను తెరిచి ఉంటుంది,
అందులో మన వెలుగు నలుసై పడకూడదు.
పదకొండేళ్ళుగా ఆటకామా చీకట్లో తోలుతున్నాను.
రోడ్డు నా అరికాలికి తెలుసు.

ఇవాళ తొమ్మిదిమంది ఎక్కారు.
వంటాయన నిబాల్దో,
నిద్రలోనూ హెల్మెట్ తీయని వెల్డరు గుమెర్సిందో,
ఎలక్ట్రీషియన్ ఎవారిస్తో, వాడి దగ్గు,
ఇంకెవరెవరో.
వెనక సీట్లో ఒర్తెన్సియా కోల్కే,
ఒళ్ళో లాప్‌టాప్, దానిమీద సగం కొరికిన ఎంపనాడా.

"చుక్కలకి రంగులేశావేంటమ్మా?" అన్నాను
అందరూ దిగుతుంటే.

నడుమ ఒక పెద్ద గెలాక్సీ,
పొట్టకు అడ్డంగా నల్లటి దుమ్ము పట్టీ.
కోటీ ఇరవై లక్షల కాంతి సంవత్సరాల అవతల.
చుట్టూ పదహారు పిల్ల గెలాక్సీలు.
తల్లితో పోలిస్తే మనవైపు వస్తున్నవి నీలం,
అవతలికి జరుగుతున్నవి ఎరుపు.

బెల్లం చుట్టూ ఈగల్లా
ఎటుపడితే అటు ముసరాలట.
కంప్యూటర్లో కట్టిన లోకాల్లో
చాలావరకు అలాగే ముసిరాయట.
ఇవి మాత్రం అప్పడంలా పల్చగా సర్దుకుని,
ఓ పక్కవి నీలం, ఓ పక్కవి ఎరుపు,
చెప్పినట్టే ఒకే వాటంగా తిరుగుతున్నాయట.

"పదహారూనా?"
"పద్నాలుగు."
"మరి ఆ రెండు?"
ఆమె ఎంపనాడా మడత విప్పి,
లోపలి ఆలివ్ గింజని వేలితో తీసి,
కాగితంలో చుట్టి జేబులో వేసుకుంది.

అర్ధరాత్రి సూప్ దగ్గర మళ్ళీ అదే మాట.
నిబాల్దో గరిటెతో తేల్చేశాడు:
"ఒకే బండి దిగినవాళ్ళు
ఒకే బెంచీమీద కూర్చుంటారు. అంతే."
నిజమే, నలభై కుర్చీలున్న గదిలో
మేం తొమ్మిదిమందిమీ కిటికీ పక్కనే ఉన్నాం.
"కాదు," అన్నాడు గుమెర్సిందో,
"రెండు రేకులు ఢీకొని చిరిగితే
ముక్కలన్నీ ఒకే వైపు ఎగురుతాయి.
ఎప్పటిదో పాత దెబ్బ అయ్యుంటుంది."
ఎవారిస్తో దగ్గి, దగ్గి,
"మా బావకి లాటరీ మూడుసార్లు తగిలింది.
దానికేం కారణం చెప్తారు?" అన్నాడు.

ఒర్తెన్సియా మూడూ రాసుకుంది.
"మా వాళ్ళూ ఈ మూడు మాటల మీదే కొట్టుకుంటున్నారు,
కాకపోతే సమీకరణాలతో" అంది.

నేను నోరు మెదపలేదు.
నాకు పపోసో గుర్తొచ్చింది.

మా నాన్న చేపలు పట్టే ఆ చిన్న రేవులో
తెల్లారేసరికి ఖాళీ పడవలు
లంగరు మీద ఎక్కడివక్కడ ఉండేవి.
మనిషన్నవాడు లేడు వాటిలో.
అయినా ముక్కులన్నీ ఒకే దిక్కుకి!
రాత్రి వీటినెవరు తిప్పారని అడిగితే
నాన్న నా చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచాడు.
పైన అద్దంలా ఉన్న నీరు
కింద నా వేళ్ళని పట్టి లాగింది.

ఒక్క ఆకుపచ్చ పడవ మాత్రం
ఎప్పుడూ పెడసరంగా నిలబడేది.
తాడు పాచికి చిక్కుకుందో,
అక్కడ నీరే వేరుగా పారుతోందో.
నాన్నకీ తెలీదు.
రోజూ అన్నిటికన్నా ఎక్కువసేపు
దాన్నే చూసేవాడు.

తిరుగు ప్రయాణం, నాలుగున్నర.
సముద్రం వైపు ఆకాశంలో
మన పాలపుంతకి చుట్టాలైన ఆ రెండు మబ్బుమచ్చలు,
ఒకదాని వెంట ఒకటి.
లాప్‌టాప్ మూసేముందు తొంగి చూశాను.
ఆ రెండు చుక్కల్నీ చెరపలేదు,
చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు సున్నాలు చుట్టింది.

ఎవరూ చెప్పకుండానే
అందరూ వచ్చేటప్పటి సీట్లలోనే కూర్చున్నారు.
గుమెర్సిందో ఒక్కడే
ముందుకొచ్చి నా పక్కన కూర్చుని,
హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎందుకని అడగలేదు.
దీపాలు వేయకుండానే గేరు మార్చాను.